మా ఇంటి పిల్లి ఈనిన సంగతి

మా వదిన కాపురానికి వచ్చిన ఏడాదే రాయదుర్గం బస్టాండు దగ్గర, ఫోటో స్టూడియో పైన, ఇంటర్నెట్ సెంటరు తెరిచారు. రెండువేల ఆరు అయి ఉండాలి, ఏడు కూడా కావచ్చు. నేను డిగ్రీ పరీక్షలు రాసి ఫలితాల కోసం ఇంట్లో కూర్చుని ఉన్నాను. వదినది హిందూపురం. పెళ్ళికి ముందు కంప్యూటరు కోర్సు చేసింది. వేళ్ళ వైపు చూడకుండా టైపు కొట్టడం ఆమెకు వచ్చు. మా ఇంట్లో ఆ విద్యతో ఎవరికీ పని లేదు. మా ఇంట్లో ఉన్నవన్నీ కుట్టు మిషన్లు.

నాయన జీన్స్ ప్యాంట్లు కుట్టించేవాడు. కింద యూనిట్, పైన కాపురం. పొద్దున మిషన్లు మొదలైతే పైన మా వంటింట్లో గ్లాసులోని నీళ్ళు సన్నగా వణికేవి. ఎంత ఊడ్చినా నీలం నూగు మంచాల కింద చేరేది, పెరుగు మీద కూడా వాలేది. అన్న సరుకు వ్యానులో వేసుకుని బళ్ళారి, హుబ్లీ తిరుగుతూ వారంలో సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. అందువల్ల వదినకు నేను, నాకు వదిన. ఇద్దరం కలిస్తే నవ్వు ఆగేది కాదు. అమ్మ వంటింట్లోంచి, "ఏమ్మే, ఏముండాది అంత నవ్వేదానికి?" అని అడిగితే జవాబు చెప్పబోయి మళ్ళీ నవ్వేవాళ్ళం.

జిప్పులు, దారం ఉండలు తెస్తామని చెప్పి బజారుకు బయల్దేరి, ముందు ఆ ఇంటర్నెట్ సెంటరు మెట్లెక్కేవాళ్ళం. పైన రేకుల గది. ఎండకు రేకులు టపటపమని చప్పుడు చేసేవి. ఒక్కో కంప్యూటరుకు ముందు ఒక్కో పూలగుడ్డ పరదా. ఇద్దరం ఒకే కుర్చీలో సగం సగం కూర్చుని పరదా లాక్కుంటే ఇక ఊరికీ మాకూ సంబంధం లేదు.

ఆ రోజుల్లో కాలేజీ పిల్లలందరూ ఒక సైటులో చేరుతున్నారు. అందులో చేరితే మనకంటూ ఒక పేజీ ఇస్తారు. మన ఫోటో, మన వివరాలు పెట్టుకోవచ్చు. ఎవరైనా ఆ పేజీకి వచ్చి నాలుగు మాటలు రాసి పోవచ్చు. ఆ మాటలను స్క్రాపులు అనేవాళ్ళు. మా ఇంట్లో స్క్రాపు అంటే ప్యాంటు కత్తిరించగా మిగిలిన గుడ్డ తుక్కు. వదిన మొదటిసారి, "మనకు స్క్రాపు వచ్చింది చూడు," అన్నప్పుడు నేను కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాను. పక్క పరదాలోంచి ఎవరో దగ్గారు.

కుర్చీ ఒకటే కాబట్టి పేజీ కూడా ఇద్దరికీ ఒకటే తెరిచాం. చేరేటప్పుడు ఆ సైటు అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబులు రాశాం. ఏ ఊరు, ఏ వీధి, ఇంట్లో ఎంతమంది, నాయన ఏం చేస్తాడు, ఇష్టమైన తిండి ఏది, ఫోను నంబరు ఎంత. "అన్నీ రాయాల్నా వదినా?" అన్నాను ఒకచోట. "అడిగినారు కదా, చెప్పకుంటే ఏమనుకుంటారో," అంది వదిన. ఇంటికి వచ్చినవాళ్ళకు మంచినీళ్ళు ఇవ్వకపోతే ఎంత తప్పో, అంత తప్పులా తోచింది మా ఇద్దరికీ. పెళ్ళయిందా అన్న ప్రశ్న దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. ఒకరికి అయింది, ఒకరికి కాలేదు. సగం అయిందని పెట్టే వీలు లేదు. ఆ ఒక్కదాన్ని వదిలేశాం. అది ఖాళీగా ఉంటే చదివేవాళ్ళు ఏమని అర్థం చేసుకుంటారో మాకు అప్పుడు తట్టలేదు.

ఫోటో కూడా పెట్టాం. వదిన పెళ్ళయ్యాక అందరం లేపాక్షి పోయినప్పుడు పెద్ద నంది ముందు తీయించుకున్నది. నాయన నల్లద్దాలు పెట్టుకుని, అమ్మ ఎండకు కళ్ళు చికిలించుకుని, అన్న బొమ్మలా బిగుసుకుని, మేమిద్దరం ఒకే రంగు చీరల్లో. కింది స్టూడియో ఆయన దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి ఇచ్చాడు. తెర మీద మా ఇంటిల్లిపాదీ, వెనకాల నంది ప్రత్యక్షమయ్యేసరికి వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మేమిద్దరం ఏదో ఘనకార్యం చేసినట్టు ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

తర్వాతి వారం ఫోన్లు మొదలయ్యాయి.

ఫోను కింద యూనిట్‌లో ఉండేది, దాని జోడు పైన హాల్లో. నేను టీ పట్టుకుని కిందికి దిగేసరికి నాయన ఫోనులో మాట్లాడుతున్నాడు. అవతలివాడు గట్టిగా మాట్లాడే రకం. మిషన్ల చప్పుడులో కూడా వాడి మాట నాకు వినిపించింది.

"వరంగల్లు నుంచి చేస్తున్న. ఫోటో చూసిన. మంచిగుంది."

"యా ఫోటో చూసినావప్పా? మామూలు ప్యాంటుదా, కింద వెడల్పుండేదా?"

వాడు గొంతు సవరించుకున్నాడు.

"ఫ్రెండ్‌షిప్ కోసం చేసిన అంకుల్."

"మంచిది. ఫ్రెండ్‌షిప్ లేకుంటే యాపారం యాడుండాది? సైజులు చెప్పు, రాసుకుంటా."

వాడు ఏం చెప్పాడో వినకుండానే నేను టీ గ్లాసు అక్కడ పెట్టేసి పైకి పరిగెత్తాను. వదినకు చెప్పడానికి నోరు పెగల్లేదు, నవ్వు అడ్డం వచ్చి. ఆ రోజు అన్నం తినేటప్పుడు నాయన చాలా సంతోషంగా ఉన్నాడు. "మన సరుకు పేరు వరంగల్లు దాకా పోయినాది," అన్నాడు. వదిన పమిట నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయింది.

నాయన లేనప్పుడు వచ్చిన ఫోన్లు అమ్మ ఎత్తేది. అమ్మకు ఫోను అంటే ఇంటికి వచ్చిన మనిషితో సమానం. ఎవరన్నది తేల్చుకోకుండా వదలదు.

"ఎవరు నాయనా? యా ఊరు? ప్రొద్దుటూరా? ప్రొద్దుటూరులో యాడ? మీ నాయన ఏం జేస్తాడు? ఇంట్లో ఎంతమంది? నువ్వేం సదువుకున్యావు?"

స్నేహం చేయమని అడగడానికి ఫోను చేసినవాడు అయిదు నిమిషాల్లో తన అక్క కాన్పు సంగతి, తన పరీక్ష తప్పిన సంగతి కూడా చెప్పేసేవాడు. ఒకడి పెద్దమ్మను అమ్మ ఎప్పుడో ఏదో పెళ్ళిలో చూసి ఉంది. ఆ మాట అనగానే వాడు ఫోను పెట్టేశాడు. "ఈ మధ్య రాంగు నంబర్లు ఎక్కువైనాయి," అంది అమ్మ మాతో. "పాపం, అందరూ మంచి పిల్లోళ్ళే."

మేము వెంటనే సెంటరుకు పోయి పేజీలోంచి నంబరు తీసేశాం. దాంతో పీడ విరగడైంది అనుకున్నాం. కానీ అప్పటికే దాన్ని ఎంతమంది రాసుకున్నారో, ఇంకెంతమందికి ఇచ్చారో ఎవరికి తెలుసు. ఫోన్లు వస్తూనే ఉన్నాయి. నాయన సైజులు రాసుకుంటూనే ఉన్నాడు. చిత్రం ఏమిటంటే, అట్లా ఫోను చేసినవాళ్ళలో నంద్యాల అబ్బాయి ఒకడు నాయన మాటలకు మొహమాటపడి, తన మేనమామ బట్టల కొట్టుకు నిజంగానే ఒక మూట ప్యాంట్లు తెప్పించాడు.

నంబరు తీసేశాం కదా అన్న ధైర్యంతో మేము స్క్రాపులు రాయడం పెంచాం. ఎక్కడెక్కడివాళ్ళో మాకు స్నేహితులయ్యారు. కదిరిలో ఒక టీచరమ్మ, దుబాయిలో పనిచేసే కడప ఆయన, గులాబీ పువ్వు తప్ప ముఖం లేనివాళ్ళు చాలామంది. ఎవరు చేర్చుకోమని అడిగినా చేర్చుకునేవాళ్ళం. కాదంటే నొచ్చుకుంటారని. ఈ పొద్దు ఇంట్లో ఉగ్గాని చేశామని రాస్తే పది ఊళ్ళవాళ్ళు నోరూరుతోందని రాసేవాళ్ళు. అమ్మ మోకాళ్ళ నొప్పి గురించి రాశాం. నాయన నల్లద్దాలు పెట్టుకునే నిద్రపోయిన సంగతి రాశాం. మా పిల్లి కింద జీన్స్ తుక్కు కుప్పలో ఈనిందనీ, పిల్లలు నీలం నూగు అంటుకుని నీలం పిల్లుల్లా ఉన్నాయనీ రాస్తే, ఆ రోజు వచ్చినన్ని స్క్రాపులు మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఒకసారి సగం రాసేసరికి కరెంటు పోయింది. వదిన ఆ చీకట్లో, "అయ్యో, పిల్లుల సంగతి పూర్తి కాలేదే," అంది ఏడుపు గొంతుతో. పరదాల అవతల అందరూ నవ్వారు.

ఇంతలో విడపనకల్లులో మా మేనత్త కొడుకు పెళ్ళి వచ్చింది. అది కూడా రాశాం. ఎప్పుడు బయల్దేరుతున్నామో, ఎప్పుడు తిరిగి వస్తామో, ఇంటికి తాళం వేసి అందరం పోతున్నామని, యూనిట్‌కు కూడా సెలవని. చివర వదిన, "మీరందరూ తప్పక రండి," అని చేర్చింది. మర్యాదకు.

పెళ్ళిలో మాకు క్షణం తీరిక లేదు. ఓళిగలు వడ్డించడం, ఆడబిడ్డలకు పూలు పంచడం, కొత్త చీరల గురించి గుసగుసలు. తాళి కట్టాక చదివింపులు మొదలయ్యాయి. మా వైపు పెళ్ళిళ్ళలో ఎవరు ఏం పెట్టారో మైకులో చదువుతారు. ఒక పెద్దాయన మైకు పట్టుకుని తాపీగా చదువుతున్నాడు. ఫలానా ఊరి పెదమామ, స్టీలు బిందె. ఫలానా ఊరి చిన్నాయన, ప్యాంటు షర్టు గుడ్డలు. మేము వింటున్నామా లేదా అన్నట్టు వింటున్నాం.

"గుంతకల్లు. రాయదుర్గం జీన్సోళ్ళ ఇంటి ఆడోళ్ళ ఇంటర్నెట్టు స్నేహితుడు. గోడ గడియారం ఒకటి."

నా చేతిలోని పూలబుట్ట జారి కింద పడింది. వదిన నన్ను, నేను వదినను చూశాం. మైకాయనకు ఆ మాట కొత్తగా ఉన్నట్టుంది. సరిగా పలికానో లేదో అని మళ్ళీ ఒకసారి చదివాడు, ఈసారి ఇంకొంచెం నిదానంగా. పందిట్లో ఉన్న తలలన్నీ మా నాయన వైపు తిరిగాయి.

"ఇంటర్నెట్టు స్నేహితుడంటే యాడి చుట్టరికమన్నా?" అని అడిగాడు పక్కన కూర్చున్నాయన.

నాయన మీసం దువ్వుకున్నాడు. "యాపారమప్పా. మన సరుకు ఇప్పుడు ఇంటర్నెట్టులో పోతాండాది. వరంగల్లు, నంద్యాల, యాడాడి నుంచో ఆర్డర్లు వస్తాండాయి. గుంతకల్లోడు కూడా పార్టీనే అయింటాడు."

అందరూ తలలూపారు. మాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ ఊపిరి తీసుకునేలోపే నవ్వు ముంచుకొచ్చింది. ఇద్దరం పందిరి గుంజ వెనక్కు పోయి, గుంజను పట్టుకుని, శబ్దం రాకుండా నవ్వాం. ఎంత నవ్వామంటే వదిన జడలోని పూలు సగం రాలిపోయాయి.

"ఎవరై ఉంటాడు?" అన్నాను కాస్త తేరుకుని.

అప్పుడు చూశాం పందిట్లోకి. గుంతకల్లు నుంచి వచ్చినవాడు ఈ జనంలో ఎవరైనా కావచ్చు. ఆ గీతల చొక్కావాడా, స్తంభానికి ఆనుకుని చూస్తున్నవాడా, పంక్తిలో రెండోసారి చారు పోయించుకుంటున్నవాడా. మా స్నేహితుల్లో గుంతకల్లు అని పెట్టుకున్నవాడు ఒక్కడే, వాడి పేజీలో ఉన్నది గులాబీ పువ్వు. వాడికి మాత్రం మా ముఖాలు తెలుసు, నాయన ముఖం, అమ్మ ముఖం తెలుసు. మా నవ్వు మెల్లగా తగ్గింది. అంతమంది చుట్టాల మధ్య నిలబడి ఉన్నా, ఎవరో పరదా పక్కకు తీసినట్టు నా వీపు చల్లబడింది.

వాణ్ణి కనిపెట్టింది అమ్మ. మేము చూసేసరికి వంటల షెడ్డు నీడలో ఒక పీట మీద కూర్చుని, ఎదురుగా ఒక సన్నటి అబ్బాయిని కూర్చోబెట్టి, వాడి ఆకులో మూడో ఓళిగ వేస్తోంది. వాడు భయభక్తులతో తింటున్నాడు. గుంతకల్లు రైల్వే స్టేషను దగ్గర సెల్‌ఫోన్ల కొట్టులో పని, నాయన లేడు, అమ్మా ఒక చెల్లెలూ ఉన్నారు. ఇదంతా అప్పటికే అమ్మ రాబట్టేసింది. మమ్మల్ని చూసి చేత్తో పిలిచింది. పక్కకు రాగానే గొంతు తగ్గించి అడిగింది.

"ఈ పిల్లోడు నన్ను జూస్తానే 'పెద్దమ్మా, మోకాళ్ళు ఎట్లుండాయి' అన్యాడు. మన పిల్లి ఈనిన సంగతి అడిగినాడు. పిల్లులకు నీలం పోయినాదా అన్యాడు. మన ఇంట్లో పిల్లి ఈనింది గుంతకల్లోనికి ఎట్ల తెలుసు?"

వదిన నేల చూసింది. నేను ఆకాశం చూశాను.

ఆ అబ్బాయే లేచి నిలబడ్డాడు. చేతికి నెయ్యి అంటి ఉంది. "అక్కోళ్ళే రాసినారు పెద్దమ్మా. అందరూ రండి అని. నిజంగానే పిలిచినారు అనుకుంటి." వాడి చెవులు ఎర్రబడ్డాయి. "ఇంతమంది స్నేహితులుండారు కదా, ఎంతమంది వచ్చింటారో అని జూస్తి. నేనొక్కణ్ణే వచ్చినట్టుండాది."

ఆ మాటతో నాకు వాడంటే భయం పోయింది. జాలి, నవ్వు ఒకేసారి వచ్చాయి. అమ్మ మాత్రం నవ్వలేదు. ముందు మా వైపు తిరిగింది.

"ఇంటికి తాళమేసి వస్తామని గూడా రాసినారా?"

"రాసినామత్తా," అంది వదిన, వినపడీ వినపడకుండా.

అమ్మ ఇంకో మాట మాట్లాడకుండా లేచి, పెళ్ళివారింటి ఫోనులో రాయదుర్గం పక్కింటికి ఫోను చేయించింది. తాళం వేసినట్టే ఉందని, పిల్లి గోడ మీద కూర్చుని ఉందని వాళ్ళు చెప్పారు. ఆ రాత్రికి వాళ్ళ అబ్బాయిని మా అరుగు మీద పడుకోమని చెప్పి, అప్పుడు వచ్చి మళ్ళీ పీట మీద కూర్చుంది.

"నువ్వు మంచోడివే నాయనా," అంది ఆ అబ్బాయితో. "వచ్చినందుకు తిను. గడియారం గూడా బాగుండాది. అయితే నీ బదులు ఇంకోడు వచ్చింటే, వానికి గూడా నేను ఇట్లే ఓళిగలు పెట్టి కూచోబెట్టింటా. వాడు మా ఇంట్లో యాడ ఏముండాదో తెలిసినోడని నాకెట్ల తెలుస్తాది?"

వాడు తలూపాడు. సాయంత్రం గుంతకల్లు వైపు పోయే వ్యాను ఉంటే అమ్మ వాణ్ణి అందులో ఎక్కించింది, వాళ్ళ అమ్మకని ఓళిగలు మూటగట్టి ఇచ్చి. వాడు కిటికీలోంచి మా ఇద్దరికీ చెయ్యి ఊపాడు. మేమూ ఊపాం. వాడి అసలు ముఖం మేము చూసింది అదే మొదలు, అదే ఆఖరు.

రాయదుర్గం వచ్చాక తిట్లు తప్పవనుకున్నాం. అమ్మ తిట్టలేదు. "ఆ పెట్టె యాడుండాదో నాకు జూపించండి," అంది. మరునాడు మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి సెంటరుకు వచ్చింది. సెంటరు ఆయన ఆమెకోసం ఇంకో కుర్చీ వేశాడు. పరదా వెనక ముగ్గురం ఇరుక్కుని కూర్చున్నాం.

"నా గురించి రాసినవన్నీ చదువు," అంది నాతో.

చదివాను. మోకాళ్ళ నొప్పి, రాంగు నంబర్లతో మాటలు, సినిమాలో కథానాయకుడు చనిపోతాడేమోనని సగంలో లేచి వచ్చేసిన సంగతి. అమ్మ ముఖం బిగించుకుని వింటోంది. ఒకచోట దుబాయి ఆయన, "మీ అమ్మగారి మోకాళ్ళకు ఒంటె పాలు మంచివి," అని రాసి ఉన్నాడు. అది చదవగానే అమ్మ పెదవులు అదిరాయి.

"నా మోకాళ్ళు దుబాయికి పోయినాయా?" అంది. "నేను ఇంతవరకు బెంగుళూరు జూసిందాన్ని గాదు."

ఆ తర్వాత ఆమెను ఆపడం మా వల్ల కాలేదు. కొంగు అడ్డం పెట్టుకుని, కుర్చీ కిర్రుమనేలా నవ్వింది. తన నవ్వు సద్దుమణిగాక, "ఇంకా ఏమి రాసినారు?" అని అడిగింది, కొంచెం ఆశగా కూడా.

అన్నీ చదివించుకున్నాక పని మొదలుపెట్టింది. వదిన ఒక్కొక్క స్నేహితుణ్ణి తెర మీదకు తెచ్చేది. "ఈయప్పను జూసినారా? లేదా? తీసెయ్. ఈ పువ్వెవరు? తెలీదా? తీసెయ్." కదిరి టీచరమ్మ దగ్గర మాత్రం ఆగింది. ఆమె మోకాళ్ళకు వాయిలాకు కాపడం ఎట్లా పెట్టాలో వివరంగా రాసింది. "ఈయమ్మ ఉండనీ," అంది అమ్మ. చివరకు మిగిలినవాళ్ళు నా కాలేజీ స్నేహితురాళ్ళు, వదిన వాళ్ళ హిందూపురం పిల్లలు, ఆ టీచరమ్మ. మా రాతలు వాళ్ళకు తప్ప ఇంకెవరికీ కనపడకుండా పెట్టే చోటు ఆ సైటులో మొదటినుంచీ ఉందట. వదిన దాన్ని అప్పుడే చూసింది. వీధి పేరు తీసేశాం. నంది ముందు ఫోటో తీసేసి, ముఖాలు లేకుండా వట్టి నంది ఫోటో పెట్టాం. "నందయ్యకైతే ఎవరు చూసినా ఇబ్బంది లేదు," అంది అమ్మ.

గుంతకల్లు అబ్బాయి పేరు వచ్చినప్పుడు వదిన అమ్మ వైపు చూసింది. అమ్మ వాడు రాసింది చదవమంది. వాడు మా గురించి ఎవరికీ చెప్పకుండా, పెళ్ళి బాగా జరిగిందని, వాళ్ళ అమ్మకు ఓళిగలు నచ్చాయని మాత్రం రాసి ఉన్నాడు. "తీసెయ్," అంది చివరకు. "తీసేసే ముందు, మీ అమ్మను అడిగినామని చెప్పు." వదిన ఆ రెండు ముక్కలు టైపు కొట్టి, తర్వాత తీసేసింది. నాకు మనసులో కలుక్కుమంది. అమ్మ చేసింది సరైనదేనని కూడా తెలుస్తోంది.

మెట్లు దిగేటప్పుడు ముగ్గురిలో ఎవరు మొదలుపెట్టారో గుర్తులేదు, ఎవరో ఒకరు "ఒంటె పాలు" అన్నారు. అంతే. అమ్మ మెట్ల మీదే కూర్చుండిపోయింది నవ్వలేక. లేపి, చెరొక చెయ్యి పట్టుకుని రోడ్డు మీదికి తీసుకొచ్చాం. సాయంత్రం గాలికి దుమ్ము లేస్తోంది, బళ్ళారి బస్సు హారను కొడుతోంది, ముగ్గురం కళ్ళు తుడుచుకుంటూ నడుస్తున్నాం. ఎదురుగా మా వీధి చివరి ఇంటాయన సైకిలు దిగి నిలబడ్డాడు.

"ఏమక్కా, యాడికి పోయింటిరి? అత్తాకోడళ్ళు ఇంతగా నవ్వుతాండారు, ఏం కథ?"

అమ్మ కొంగు సర్దుకుంది. ముఖం మామూలుగా పెట్టుకుంది.

"ఏం లేదప్పా," అంది. "జిప్పులకు పోయింటిమి."

ఆయన సైకిలెక్కి పోయాడు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా అమ్మ గంభీరంగానే నడిచింది.